క్వింటాలు ఏ ఊరిది?
దక్షిణ యూరపు బజార్లలో ఒకే పేరుతో పలు తూకాలు

గుంటూరు మిర్చి యార్డులో గాని, నిజామాబాదు పసుపు మార్కెట్టులో గాని క్వింటాలు ధర చెప్పినప్పుడు, క్వింటాలంటే ఎన్ని కిలోలని అడిగేవారు ఉండరు. కొనేవారికీ, అమ్మేవారికీ, నడుమనున్న దలాలుకూ అది 100 కిలోలే. ధర మీద బేరం ఎంతసేపైనా సాగవచ్చు గాని, తూకం పేరు మీద పేచీ రాదు.

ఈ మాట పెరిగి పెద్దదైన మధ్యధరా సముద్రతీరంలో మాత్రం 19వ శతాబ్దం దాకా పరిస్థితి ఇలా లేదు. రేవు మారితే క్వింటాలు మారేది. ఆనాటి తూకాలను నేటి కిలోలలోకి మార్చి చూస్తే తేడా ఎంతటిదో తెలుస్తుంది:

బార్సిలోనా - 41.6 కిలోలు
కాస్టీలు (మాడ్రిడ్, సెవిల్ ప్రాంతం) - 46 కిలోలు
జెనోవా - 47.65 కిలోలు
గ్రీసు, తురుష్క రేవులు - సుమారు 56.4 కిలోలు
లిస్బన్ - 58.75 కిలోలు
పలెర్మో (సిసిలీ) - 79.34 కిలోలు
నేపుల్స్ - 89.1 కిలోలు

చిన్నదానికీ పెద్దదానికీ నడుమ రెండింతలకు పైగా తేడా ఉంది. నేపుల్స్‌లో 100 క్వింటాళ్లు కొన్న వర్తకుడికి 8,910 కిలోల సరుకు దక్కేది. అదే సరుకును జెనోవాలో దించి అక్కడి కాటా మీద పెడితే 187 క్వింటాళ్లు తూగేది. సరుకు పెరగలేదు, తరగలేదు, రాయి మారింది. పలెర్మో తూకానికి ఖరీదు కట్టి, నేపుల్స్ తూకానికి సరుకు ఇస్తానని ఒప్పుకున్నవాడు ప్రతి 100 క్వింటాళ్లకు 976 కిలోలు, అంటే టన్నుకు కాస్త తక్కువ, చేతి నుంచి వేసుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో ధర తెలిస్తే సగం వ్యాపారమే తెలిసినట్లు. తక్కిన సగం తూకంలో ఉండేది.

మాట ఒక్కటే, దారులు పలు

క్వింటాలు అసలు లాటిన్ మాట. నూరు అనే అర్థంగల శబ్దం నుంచి పుట్టింది. అది గ్రీకుల ద్వారా అరబ్బులకు చేరి 'కింతార్' అయింది. అరబ్బు వర్తకులతో కలిసి మళ్లీ యూరపు రేవులకు వచ్చి స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో 'కింతాల్', ఇటలీలో 'కాంతారో' అయింది. అర్థం అంతటా ఒకటే: నూరు చిన్న తూకాలు ఒక పెద్ద తూకం. అయితే ఆ చిన్న తూకం ఎంత అన్నచోటే చిక్కు వచ్చింది. కొన్నిచోట్ల నూరు అనేది కూడా నిలవలేదు. బార్సిలోనా క్వింటాలుకు 104 పౌన్లు, లిస్బన్ క్వింటాలుకు 128 పౌన్లు.

స్పెయిన్‌లో తూకాలకు, కొలతలకు ఉన్న పేర్లు చాలావరకు అరబ్బీ నుంచి వచ్చినవే. 'అర్రోబా' అంటే అరబ్బీలో నాలుగో వంతు, అంటే క్వింటాలులో పాతిక భాగం. 'అసుంబ్రే' అంటే ఎనిమిదో వంతు. ధాన్యం కొలిచే 'ఫనేగా', 'కాయీజ్' కూడా ఆ భాష మాటలే. ఇటలీలోని 'రోతొలో' అరబ్బీ 'రతల్' నుంచి వచ్చింది. ఆ రతల్ మళ్లీ గ్రీకు 'లిత్రా' నుంచి వచ్చింది. బజారులో కొలతలు సరిచూసే అధికారిని స్పెయిన్‌లో 'అల్మొతసేన్' అనేవారు. అది కూడా అరబ్బుల బజారు అధికారి 'ముహ్తసిబ్' పేరే. రాజ్యాలు మారినా బజారు మాటలు మారలేదన్నమాట.

అర్రోబా: ఒక పేరు, అయిదు బరువులు

స్పెయిన్ వర్తకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న తూకం అర్రోబా. కాస్టీలు ప్రాంతంలో 25 పౌన్లు ఒక అర్రోబా. పౌను 460 గ్రాములు గనుక అర్రోబా 11.5 కిలోలు. కాటలోనియాలో పౌను 400 గ్రాములు, అర్రోబాకు 26 పౌన్లు, మొత్తం 10.4 కిలోలు. అరగాన్‌లోని సరగోసాలో పౌను సుమారు 350 గ్రాములే గాని, అర్రోబాకు 36 పౌన్లు, మొత్తం 12.6 కిలోలు. వలెన్సియాలో అదే 36 పౌన్లకు 12.78 కిలోలు. సరిహద్దు దాటి పోర్చుగల్ వెళితే 32 పౌన్లకు 14.69 కిలోలు.

ఉన్ని వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1,000 అర్రోబాల ఉన్నికి బేరం కుదిరింది. ఏ ఊరి అర్రోబా అన్నది కాగితం మీద రాయలేదు అనుకుందాం. కాస్టీలు తూకమైతే 11,502 కిలోలు రావాలి. అమ్మినవాడు కాటలోనియా తూకమని వాదిస్తే 10,400 కిలోలతో సరిపెడతాడు. తేడా 1,102 కిలోలు. ధరలో నూటికి రెండు మూడు వంతుల లాభం కోసం చేసే వ్యాపారంలో, ఒక్క మాట రాయకపోవడం వల్ల నూటికి తొమ్మిదిన్నర వంతుల సరుకు పోతుంది. అందుకే అనుభవజ్ఞులైన వర్తకులు అంకె పక్కన ఊరి పేరు కూడా రాసుకునేవారు.

మద్రాసు రాజధాని కాలపు లెక్కలు తెలిసినవారికి ఇది కొత్త కాదు. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. బెంగాలు మణుగు 82 పౌన్లకు పైగా, అంటే 37.32 కిలోలు. మణుగు అనే మాట ఒక్కటే. కలకత్తా నుంచి వచ్చిన మణుగు మూడు మద్రాసు మణుగులకన్నా బరువు. కాస్టీలు అర్రోబాకూ మద్రాసు మణుగుకూ 25 పౌన్ల లెక్క కుదరడం కాకతాళీయమే గాని, రెండింటి తూకం దగ్గర దగ్గరగా ఉండడం గమనించదగినది.

ధాన్యం కొలత: రాశి పోయాలా, గీసి కొలవాలా?

పాత రోజుల్లో ధాన్యాన్ని తూచడం కంటే కొలవడమే ఎక్కువ. కాస్టీలులో ఫనేగా 55.5 లీటర్లు పట్టే చెక్క కొలత. అందులో పన్నెండో వంతు సెలెమిన్. పన్నెండు ఫనేగాలు ఒక కాయీజ్, అంటే 666 లీటర్లు. సరగోసాలో ఫనేగా 22.4 లీటర్లే, ఎనిమిది ఫనేగాలకు ఒక కాయీజ్, సుమారు 179 లీటర్లు. వలెన్సియా కాయీజ్ సుమారు 201 లీటర్లు. కాస్టీలు కాయీజ్ ఒక్కటి వలెన్సియా కాయీజులు మూడింటికి పైగా సమానం.

కొలతలో ఇంకో చిక్కు ఉంది. కొలపాత్ర నిండిన తరువాత అంచుకు సమంగా కర్రతో గీసి కొలవడం ఒక పద్ధతి. అంచు మీద ఆగినంత గింజను రాశిగా నిలిపి కొలవడం మరో పద్ధతి. పాత్ర ఒక్కటే అయినా రెండు కొలతలకూ నడుమ తేడా చాలా ఉంటుంది. పాత్ర లోతు తక్కువై వెడల్పు ఎక్కువైతే పైన నిలిచే రాశి మరీ పెద్దదవుతుంది. గింజను పైనుంచి పోస్తే సర్దుకుని ఎక్కువ పడుతుంది. మెల్లగా జారవిడిస్తే తక్కువ పడుతుంది. పాత్రకు ముద్ర ఉన్నంత మాత్రాన కొలత న్యాయమైనదని చెప్పడానికి వీలులేదు. కొలిచే చెయ్యి కూడా చూడాలి.

రైతుకు దీనివల్ల కలిగిన నష్టం సామాన్యమైనది కాదు. యూరపులో చాలాచోట్ల కౌలు గింజలు, పన్ను గింజలు రాశి పోసి కొలుచుకునేవారు. బజారులో రైతు నుంచి కొన్నప్పుడూ రాశి కొలతే; పట్టణంలో అమ్మినప్పుడు గీసిన కొలత. 'ఫనేగాకు ఇంత' అన్న ధర మారకుండానే లాభం వచ్చేది. రొట్టె ధర పెంచలేనప్పుడు రొట్టె చిన్నదైనట్లు, ధాన్యం ధర పెంచలేనప్పుడు కొలత పెద్దదయ్యేది. యూరపు చరిత్రలో కొలతల మీద వచ్చిన తగాదాలు చాలావరకు ఈ రాశి గురించినవే. కొలతలను అధ్యయనం చేసిన పోలండు చరిత్రకారుడు విటోల్డ్ కూలా 1970లో వెలువరించిన గ్రంథంలో ఈ సంగతిని వివరంగా చర్చించాడు.

కొలత నమ్మదగినది కాదని తెలిసిన వర్తకులు కొలతకు తూకాన్ని జోడించారు. కాస్టీలు గోధుమ బజార్లలో 94 పౌన్ల ఫనేగా అనే లెక్క స్థిరపడింది. 94 పౌన్లంటే 43.25 కిలోలు. అప్పటి నుంచి ఫనేగా పేరుకు కొలతే అయినా బేరానికి తూకమైంది. ఈ లెక్కన 100 లీటర్ల గోధుమ సుమారు 78 కిలోలు తూగాలి. గింజ బలంగా ఉంటే ఎక్కువ, తాలు ఉంటే తక్కువ. నేటి యూరపు గోధుమ వ్యాపారంలో హెక్టోలీటరు బరువు అనే నాణ్యతా పరీక్ష ఇదే. 100 లీటర్ల గింజ ఎన్ని కిలోలు తూగిందో చూసి ధర కడతారు. పాత కొలత పోయినా, అందులోని తెలివి నాణ్యత నిర్ణయంలో మిగిలింది.

ఫనేగాకు మరో అర్థం కూడా ఉంది. ఒక ఫనేగా విత్తనం చల్లేంత నేలను కూడా ఫనేగా అనేవారు. కాస్టీలులో అది సుమారు 6,440 చదరపు మీటర్లు. పుట్టెడు నేల, కుంచెడు నేల అనే మాటలు విన్న తెలుగు రైతుకు ఇది వింతగా తోచదు.

నూనెకు ఒక పాత్ర, ద్రాక్షసారాకు ఒక పాత్ర

ద్రవాల దగ్గర అర్రోబా మరింత తికమక పెడుతుంది. కాస్టీలులో ద్రాక్షసారా అర్రోబా 16.13 లీటర్లు. ఆలివ్ నూనె అర్రోబా 12.56 లీటర్లు. ఒకే ఊళ్లో, ఒకే పేరుతో రెండు పాత్రలు ఎందుకు?

కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. లీటరు ఆలివ్ నూనె సుమారు 916 గ్రాములు తూగుతుంది. 12.56 లీటర్ల నూనె సరిగ్గా 11.5 కిలోలు. అంటే 25 పౌన్ల తూకపు అర్రోబాయే. నూనెను ప్రతిసారీ కాటా ఎక్కించకుండా, అంత నూనె పట్టే పాత్రను చేయించుకున్నారు. నూనె పాత్ర తూకాన్ని బట్టి వచ్చింది. సారా పాత్ర విడిగా కొలతను బట్టి వచ్చింది. రెండింటికీ పేరు మాత్రం కలిసిపోయింది.

ఇటలీలోని ఫ్లారెన్సులో కూడా ఇదే తీరు. అక్కడ పీపాను 'బారీలె' అనేవారు. ద్రాక్షసారా బారీలె 45.6 లీటర్లు, నూనె బారీలె 33.4 లీటర్లు. పోర్చుగల్‌లో ద్రవాలు కొలిచే 'అల్ముదె' లిస్బన్‌లో సుమారు 17 లీటర్లు, ఉత్తరాన పోర్తో రేవులో సుమారు 25 లీటర్లు. ప్రసిద్ధమైన పోర్ట్ సారాకు దూరో లోయలో పీపా అంటే 550 లీటర్లు. ఎగుమతి లెక్కలో 534 లీటర్లు.

తూకమా, కొలతా అన్న ఈ చర్చ నూనె వ్యాపారంలో నేటికీ ఉన్నదే. స్పెయిన్, ఇటలీలలో ఆలివ్ నూనె టోకు బేరం కిలోలలో సాగుతుంది. అంగట్లో సీసా మాత్రం లీటర్లలో అమ్ముతారు. మన బజారులో లీటరు నూనె పాకెట్టు 910 గ్రాముల దగ్గర తూగుతుందని చిల్లర వర్తకులకు తెలిసిందే. ఎండకు నూనె వ్యాకోచిస్తుంది. కొలత పెరుగుతుంది, తూకం పెరగదు. టోకు వర్తకుడు తూకాన్ని నమ్ముకోవడానికి కారణం ఇదే.

ఇటలీ: ఊరికొక పౌను

1861లో ఇటలీ ఒక రాజ్యమయ్యే నాటికి ఆ దేశంలో పౌను ఒక్కటి కాదు. వెనిసులోనే రెండు ఉండేవి. 477 గ్రాముల పెద్ద పౌను, 301 గ్రాముల చిన్న పౌను. మిరియాలు, మసాలా దినుసులు చిన్న పౌనుతో తూచేవారు. బరువైన సరుకులకు పెద్ద పౌను. మలబారు నుంచి అలెగ్జాండ్రియా మీదుగా వెళ్లిన మిరియాలను వెనిసులో 400 చిన్న పౌన్ల 'కార్గో' లెక్కన, అంటే సుమారు 120 కిలోలకు ఒక ధరగా అమ్మేవారు. ఏ పౌనో అడగకుండా వెయ్యి పౌన్ల సరుకు కొన్న కొత్త వర్తకుడికి 477 కిలోలు రావచ్చు, 301 కిలోలు రావచ్చు.

మిలానులో పెద్ద పౌను 28 ఔన్సులు, 762 గ్రాములు. చిన్న పౌను 12 ఔన్సులు, 327 గ్రాములు. రోములో పౌను 339 గ్రాములు. ఫ్లారెన్సులోనూ దాదాపు అంతే. నేపుల్స్‌లో 321 గ్రాములు, జెనోవాలో 317 గ్రాములు.

దక్షిణాదిన పౌనుకన్నా రోతొలో వాడుక ఎక్కువ. సిసిలీ రోతొలో 793 గ్రాములు. నేపుల్స్ రోతొలో 891 గ్రాములు. నూరు రోతొలోలు ఒక కాంతారో. సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా దీవిలో రతల్ దాదాపు సిసిలీ తూకమే. జెనోవాలో మాత్రం రోతొలో అంటే పౌనున్నర మాత్రమే. అందుకే జెనోవా కాంతారో 47.65 కిలోల దగ్గర ఆగిపోయింది.

సిసిలీ ద్వీపం ప్రాచీన కాలం నుంచి గోధుమకు ప్రసిద్ధి. అక్కడి ధాన్యపు కొలత 'సాల్మా'. అంటే ఒక కంచరగాడిద మోత. అందులోనూ రెండు రకాలు: 16 తూమొలోల సాధారణ సాల్మా 275 లీటర్లు, 20 తూమొలోల పెద్ద సాల్మా 344 లీటర్లు. హెక్టోలీటరుకు 78 కిలోల గోధుమ లెక్కన మొదటిది సుమారు 214 కిలోలు, రెండవది 268 కిలోలు. ఓడ కెప్టెను పట్టీలో సాల్మాల సంఖ్య మాత్రమే ఉంటే నౌకలో ఎంత సరుకు ఉన్నదీ చెప్పడం సాధ్యం కాదు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1809లో సిసిలీలో సంస్కరణ జరిగింది. ఆ పనిలో ముఖ్యుడు జుసెప్పె పియాజ్జి. 1801లో సీరీస్ అనే చిన్న గ్రహాన్ని కనుగొన్న ఖగోళ శాస్త్రజ్ఞుడే ఈయన. ఆకాశంలో గ్రహాన్ని లెక్క కట్టిన చేతితోనే 1812లో సిసిలీ తూనికల కొలతల నియమావళిని కూడా వెలువరించాడు.

గ్రీసులో ఓకా

తూర్పు మధ్యధరా ప్రాంతంలో తురుష్క సామ్రాజ్యపు తూకం 'ఓకా' చెల్లేది. 400 ద్రాములు ఒక ఓకా, 1.282 కిలోలు. 44 ఓకాలు ఒక కంతారి. గ్రీసు 1836లోనే మెట్రిక్ పద్ధతిని కాగితం మీద అంగీకరించింది. అయినా అంగళ్ల కాటాల మీద ఓకా 1959 దాకా నిలిచింది. ఆ ఏడాది మార్చి 31తో దాన్ని రద్దు చేశారు. సైప్రస్‌లో 1980లలో గాని పోలేదు.

ఓకా నుంచి కిలోకు మారినప్పుడు కొనేవాడు జాగ్రత్త పడవలసిన లెక్క ఒకటుంది. ఓకా 12 ద్రక్మాలు ఉన్న సరుకు కిలో 9 ద్రక్మాల 36 లెప్తాలు ఉండాలి. ధర చీటీ మీద 'ఓకా' కొట్టివేసి 'కిలో' అని రాసి, 12 అంకెను అలాగే ఉంచితే, కొనేవాడు అదే డబ్బుకు 22 శాతం తక్కువ సరుకు ఇంటికి తీసుకుపోయినట్లు. తూకం మార్పులో జనం భయపడేది కొత్త పేరుకు కాదు, ఈ తేడాకు.

ఇన్ని తేడాలు ఎందుకు?

రాజులు ఊరుకోలేదు. కాస్టీలు రాజు పదవ అల్ఫాన్సో 1261లో కొలతలన్నీ ఒకటి చేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1496లో ధాన్యానికి ఆవిలా పట్టణపు కొలత, సారాకు తొలెదో కొలత అంతటా చెల్లాలని శాసించారు. 1801లో నాలుగవ కార్లోస్ రాజు దాదాపు అదే ఆజ్ఞ మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. ఒకే ఆజ్ఞను మూడు వందల ఏళ్ల తరువాత మళ్లీ ఇచ్చారంటే మొదటిది ఎంతవరకు అమలు జరిగిందో తెలుస్తూనే ఉంది. పోర్చుగల్‌లో మాన్యుయెల్ రాజు 16వ శతాబ్ది ఆరంభంలో కంచు తూకపు రాళ్ల పెట్టెలు చేయించి పట్టణాలకు పంపాడు. 1575లో సెబాస్టియన్ రాజు లిస్బన్ కొలతలను దేశమంతటికీ విధించాడు. తూకంలో కొంత ఏకత్వం వచ్చింది గాని కొలపాత్రలు వేటికవే ఉండిపోయాయి.

దీనికి కారణాలు మూడు. మొదటిది అధికారం. కొలతకు ముద్ర వేసే హక్కు ఆ ఊరి అధికారానికి గుర్తు. పురాతన పాంపే నగరపు బజారులో గుంటలు తొలిచిన రాతిబల్ల ఒకటి బయటపడింది. అది ఊరి ప్రామాణిక కొలత. మొదట స్థానిక ఓస్కన్ కొలతలకు తొలిచిన గుంటలను, క్రీస్తుకు పూర్వం 20 ప్రాంతంలో రోము కొలతకు సరిచేసి పెద్దవి చేశారు. ఎవరి ఏలుబడి అయితే వారి కొలత. రెండవది రాబడి. శిస్తు, కౌలు, సుంకం కొలతలలోనే నిర్ణయమై ఉండేవి. కొలత మారితే ఎవరో ఒకరి రాబడి తగ్గుతుంది. మూడవది అలవాటు. ఆ బజారులో పుట్టి పెరిగినవారికి ఆ కొలత తెలుసు. బయటి వర్తకుడికి తెలియకపోవడం స్థానికుడికి లాభమే గాని నష్టం కాదు.

వర్తకుల చేతి పుస్తకాలు

ఈ చిక్కును దాటడానికి వర్తకులు కనిపెట్టిన సాధనం మార్పిడి పట్టిక. ఫ్లారెన్సుకు చెందిన బార్ది కంపెనీలో పనిచేసిన ఫ్రాంచెస్కో పెగొలొత్తి లండను, సైప్రస్ తదితర చోట్ల వ్యవహారాలు చూసినవాడు. ఆయన 1340 ప్రాంతంలో వర్తక విధానం గురించి ఒక గ్రంథం కూర్చాడు. ఏ రేవులో ఏ తూకం, ఆ తూకం మరో రేవులో ఎంత, సుంకం ఎంత, దలాలీ ఎంత అన్నవి అందులో ఉన్నాయి. 1503లో వెనిసులో బార్తొలొమెయో ది పాసి తూకాల, కొలతల పట్టిక అచ్చయింది. నేటి వర్తకుడికి ధరల సమాచారం ఎంత ముఖ్యమో, ఆనాటి వర్తకుడికి ఈ పుస్తకాలు అంత ముఖ్యం.

ఈ తరహా పుస్తకాలు హిందూ దేశపు తీరానికీ వచ్చాయి. పోర్చుగీసు ఉద్యోగి అంతోనియో నూనెస్ 1554లో తూర్పు రేవుల తూకాలు, కొలతలు, నాణేల గురించి గ్రంథం రాశాడు. ఇక్కడి 'బహార్' తూకాన్ని లిస్బన్ క్వింటాళ్లలోకీ, పౌన్లలోకీ మార్చుకోకపోతే వారికి మిరియాల వ్యాపారం సాగేది కాదు. బహార్ అనేది సంస్కృత 'భార' శబ్దం నుంచి వచ్చింది. తెలుగు బారువ దానికి బంధువే.

మెట్రిక్ పద్ధతి రాక

ఫ్రాన్సులో 1795లో పుట్టిన మెట్రిక్ పద్ధతి నెపోలియన్ సేనల వెనుక ఇటలీకి వచ్చి, ఆయన పతనంతో వెనుకంజ వేసింది. స్పెయిన్ 1849 జులై 19న, పోర్చుగల్ 1852 డిసెంబరు 13న మెట్రిక్ చట్టాలు చేశాయి. ఇటలీ 1861 జులై 28న చట్టం చేసి 1863 జనవరి 1 నుంచి అమలులో పెట్టింది. 1875 మే 20న పారిస్‌లో జరిగిన మీటరు ఒడంబడికపై ఈ మూడు దేశాలూ సంతకం చేశాయి. ఆ ఒడంబడిక కింద ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి మొదటి అధ్యక్షుడు స్పెయిన్ సేనాని కార్లోస్ ఇబాన్యెస్.

చట్టం చేయడం సులభం. పాత ఒప్పందాలను కొత్త తూకంలోకి మార్చడం కష్టం. పాత కౌళ్లు, అప్పులు, ఆస్తి దస్తావేజులు పాత కొలతలలోనే ఉన్నాయి. అందుకని స్పెయిన్ 1852లో రాష్ట్రాలవారీగా సమాన పట్టికలు ప్రకటించింది. ఇటలీ 1877లో దేశంలోని పాత తూనికలు, కొలతలన్నింటికీ మార్పిడి పట్టికల గ్రంథం వెలువరించింది. ఒక ఊరి కాంతారో ఎన్ని గ్రాములన్న వివరం నేటికీ ఇటువంటి పట్టికల నుంచే తెలుస్తున్నది.

ఇంకా మిగిలిన అర్రోబా

నూట యాభై ఏళ్లు దాటినా పాత తూకం పూర్తిగా పోలేదు. స్పెయిన్‌లో ఓక్ కాయలు మేసి పెరిగే ఐబీరియా జాతి పందుల ధరను నేటికీ 11.5 కిలోల అర్రోబాకే చెబుతారు. 2014లో స్పెయిన్ ప్రభుత్వం ఈ మాంసం నాణ్యతకు నిబంధనలు చేసింది. మేతకు విడిచేటప్పుడు మంద సగటు బరువు 92 నుంచి 115 కిలోల నడుమ ఉండాలని, మేతలో కనీసం 46 కిలోలు పెరగాలని అందులో ఉంది. ఈ అంకెలు ఎక్కడివా అని చూస్తే, 92 కిలోలంటే 8 అర్రోబాలు, 115 కిలోలంటే 10 అర్రోబాలు, 46 కిలోలంటే 4 అర్రోబాలు. చట్టం కిలోలలో మాట్లాడుతున్నా, లెక్క అర్రోబాలలోనే జరిగింది.

బెరడు వ్యాపారం మరో ఉదాహరణ. సీసా బిరడాలకు వాడే కార్క్ బెరడును స్పెయిన్‌లో 46 కిలోల పాత కాస్టీలు క్వింటాలు లెక్కన అమ్ముతారు. పక్కనున్న పోర్చుగల్‌లో అర్రోబా లెక్కన. అక్కడి అర్రోబాను 15 కిలోలకు సవరించుకున్నారు. సరిహద్దుకు అటూ ఇటూ ధరలు పోల్చాలంటే ముందు రెండింటినీ కిలోకు తేవాలి. బ్రెజిల్‌లో పశువుల ధర కూడా 15 కిలోల అర్రోబాకే చెబుతారు. స్పానిష్, పోర్చుగీసు లెక్కల పుస్తకాలలో అర్రోబాకు సంక్షిప్తంగా వేసిన గుర్తే ఇప్పుడు ఈ-మెయిల్ చిరునామా నడుమ కనిపించే గుర్తు. ఆ భాషలలో నేటికీ దాన్ని అర్రోబా అనే పిలుస్తారు.

మన బజారుకు సంబంధించిన సంగతి

భారతదేశంలో 1956 చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చాయి. వీశె, మణుగు, బారువ కాటాల మీద నుంచి దిగిపోయాయి. అయితే మాటలు మిగిలాయి. దూది ధర నేటికీ కాండీకి చెబుతారు. అది 784 పౌన్లు, సుమారు 356 కిలోలు. మద్రాసు లెక్కలో కాండీ 500 పౌన్లు, 227 కిలోలకు లోపు. నెల్లూరు ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు. ధాన్యం బస్తా అంటే ఆంధ్రలో 75 కిలోల లెక్క. ఈ పేర్లు ఆ సరుకు, ఆ ప్రాంతం తెలిసినవారికి సౌకర్యమే. బయటి నుంచి వచ్చిన కొనుగోలుదారుకు మాత్రం ఇవి నేపుల్స్ కాంతారో వంటివే.

దక్షిణ యూరపు అనుభవం వర్తకులకు చెబుతున్నది ఒక్కటే. ధరకు తూకం తోడు లేకపోతే అది ధర కాదు. సౌదా చీటీ మీద పుట్టి, కాండీ, బస్తా అని రాసినప్పుడు పక్కన కిలోల అంకె కూడా రాయాలి. నూనె అయితే లీటరా, కిలోనా అన్నది తేల్చాలి. గోనె తరుగు, తేమ తరుగు ఎవరివో ముందే ఒప్పుకోవాలి. రెండు బజార్ల ధరలు పోల్చేముందు రెండింటినీ ఒకే తూకానికి తేవాలి. పెగొలొత్తి 1340 ప్రాంతంలో పట్టికలు రాసుకున్నది ఈ పని కోసమే. నేడు అదే పని సౌదా చీటీ మీద ఒక్క పంక్తిలో అవుతుంది.